కళ్లంలో చల్లిన నీళ్లు

ఆ ల్యాబ్‌లో మిరపకాయల పని అంతా నా నెత్తినే పడేది. నాకు తెలివి ఎక్కువని ఇచ్చేవాళ్లు కారు, తుమ్ములు రావని ఇచ్చేవాళ్లు. ఇంగ్లాండులో ఒక రేవు పట్టణం అది. ఓడల్లో దిగే పల్లీలు, అంజీరాలు, మసాలా దినుసులు జనం నోటికి చేరేముందు పరీక్షకు నమూనాగా మా దగ్గరికి వచ్చేవి. ఎండుమిరప కవరు విప్పితే చాలు, నాతో పనిచేసేవాళ్లు కాఫీ వంకతో ఒక్కొక్కరే బయటికి జారుకునేవాళ్లు. నేను మాస్కు పెట్టుకుని, మిక్సీకి పెద్దన్నలాంటి యంత్రంలో కాయలు పోసి, నిమ్మళంగా పొడి కొట్టేదాన్ని. దర్శి దగ్గర పల్లెలో మిరప కళ్లాల మధ్య పెరిగినదానికి ఈ ఘాటు ఒక లెక్కా అని కాస్త పొగరుగానే ఉండేది.

ఆ పొగరు ల్యాబ్ గుమ్మం వరకే. బస్సెక్కితే నా కోటుకు అంటిన కారానికి ముందు సీటు పెద్దాయన దగ్గేవాడు. దగ్గి, ఒక్క మాట అనకుండా కిటికీ తీసేవాడు. ఆ చలిగాలి వచ్చి తిన్నగా నాకే కొట్టేది. నలుగురు అమ్మాయిలం కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. వాషింగ్ మెషీన్ అందరికీ ఒక్కటే. ఒక ఆదివారం నా కోటు ఉతికాక అందులోనే బట్టలు ఉతుక్కున్న అమ్మాయి, సాయంత్రానికి ఒళ్లంతా మంటలని బాత్రూంలోకి పరుగెత్తింది. ఆ రోజు నుంచి నా కోటుకు బకెట్టే గతి. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. అక్కడ ఎవరూ ఏమీ అనరు, అదే నాకు ఊపిరాడకుండా చేసేది. ఎవరైనా ఒకసారి నన్ను తిడితే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

సెల్ నుంచి ఊరికి చెయ్యాలంటే బోలెడు ఖర్చు. ఇంటి ఫోన్ హాల్లో ఉండేది. కార్డు కొనుక్కుని వారానికోసారి ఊరికి చేసేదాన్ని. నేను మాట్లాడుతుంటే ఎవరితోనో పోట్లాడుతున్నానని మా ఇంటి అమ్మాయిలు కంగారు పడేవాళ్లు. మా వైపు మామూలు మాటే ఇట్లా ఉంటుందని చెప్పినా నమ్మలేదు. చివరికి ఫోన్ పైన గోడకు ఒక కాగితం అతికించారు, దయచేసి మెల్లగా మాట్లాడమని. కింద నవ్వుతున్న మొహం బొమ్మ కూడా వేశారు. నేను మెల్లగా మాట్లాడటం నేర్చుకున్నాను. అవతల మామయ్య మాత్రం "ఏందే ఆ గొణుగుడు, గట్టిగా మాట్లాడు" అని అరిచేవాడు.

మామయ్య మా అమ్మకు తమ్ముడు. మా ఊళ్లో హైస్కూలు లేక ఆరో తరగతిలో నన్ను ఆయన ఇంట్లో వదిలారు. చదువు అయిపోయినా నేను ఆ ఇంటి పిల్లగానే మిగిలిపోయాను. మామయ్యకు మిరప తప్ప వేరే లోకం లేదు. కోతలయ్యాక కాయను కళ్లంలో పోసి, చేతిలోకి తీసుకుంటే గలగలమనేదాకా ఎండబెట్టేవాడు. రంగు పోయిన తాలుకాయను ఏరించేవాడు. ఇంక టిక్కీలకు ఎత్తడమే. గుంటూరు యార్డుకు పోయే మిరప సంచిని మేం టిక్కీ అంటాం. ఒక మనిషి ఆ సంచిలో దిగి కాయను తొక్కితే మరొకరు పైనుంచి పోస్తుంటారు. గలగలమనే కాయను అట్లాగే తొక్కితే చిట్లిపోతుంది, గింజంతా రాలుతుంది, యార్డులో దాని మొహం ఎవరూ చూడరు. అందుకని ముందురోజు సాయంత్రం కళ్లంలో కాయమీద నీళ్లు చల్లుతారు. తెల్లారేసరికి కాయ మెత్తబడుతుంది. పదునెక్కింది అంటాం దాన్ని. అప్పుడు ఎంత తొక్కినా తోలు తెగదు.

ఆ నీళ్లు చల్లే పని నాది. వేపమండ బిందెలో ముంచి, విదిలిస్తూ, కళ్లం చుట్టూ తిరిగేదాన్ని. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడకుండా చల్లడం అందరివల్లా కాదు. "మా అమ్మాయి చెయ్యి పడితే ఒక్క కాయ చిట్లదు" అని మామయ్య వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేవాడు. పదో తరగతిలో నాకు ఫస్టు క్లాసు వచ్చినప్పుడు కూడా ఆయన అంత మురిసిపోలేదు.

ఆ నీళ్లు ఏం చేస్తాయో నాకు ల్యాబ్‌లో తెలిసింది. సంచిలో కుక్కిన తడికి బయటికి పోయే దారి ఉండదు. గోదాములో, లారీలో, వారాల తరబడి ఓడ అడుగున ఉక్కకు లోపల సన్నగా బూజు పడుతుంది. ఆ బూజు ఒక విషాన్ని వదులుతుంది. కంటికి కనపడదు, వాసన రాదు, కడిగినా ఎండబెట్టినా పోదు. ఏళ్ల తరబడి తింటే కాలేయం పాడవుతుంది. కాయ మాత్రం ఎర్రగా, నిండుగా, ముచ్చటగా ఉంటుంది. ఆ సంగతి మొదటిసారి చదివినరోజు నేను నా కుడిచేతిని చూసుకుంటూ కూర్చున్నాను. ఎన్ని బిందెలు చల్లి ఉంటాను? అవన్నీ ఎవరి కూరల్లోకి పోయి ఉంటాయి?

నేను వెళ్లిన రెండో ఏడు, మార్చిలో, మామయ్య ఫోన్‌లో ఒక కబురు చెప్పాడు. ఈసారి యార్డుకు వెయ్యడం లేదట. మరో నలుగురు రైతులతో కలిసి, ఒక ఎగుమతి వ్యాపారి ద్వారా కాయను ఇంగ్లాండుకు పంపుతున్నారట. ఆ నలుగురినీ ఒప్పించింది మామయ్యే. మా పిల్ల అక్కడే ఉంది, అక్కడివాళ్లు మోసం చెయ్యరంట అని నామీద భారం వేసి ఒప్పించాడు. రేవు పేరు కూడబలుక్కుని చెప్పాడు. అది నేనున్న ఊరే. ఆ రేవుకు వచ్చే మిరప అంతా మా ల్యాబ్‌కే వస్తుంది. ముందు నాకు కలిగింది పట్టరాని సంతోషం. మా కళ్లంలో కాయ నేనున్నచోటికి వస్తోంది. కంగారు ఆ తర్వాత మొదలైంది.

"మామయ్యా, ఈసారి నీళ్లు చల్లొద్దు" అన్నాను.

"ఏందీ?"

"నీళ్లు. కాయ మీద నీళ్లు చల్లొద్దు. బూజు పడుద్ది. ఇక్కడ పరీక్ష చేస్తారు."

"మన కాయకు బూజేందే? మూడు వారాలు ఎండింది. చల్లకుండా తొక్కితే పిండైపోద్ది."

"కొంచెం చిట్లినా పర్లేదు మామయ్యా. తడి ఉంటే మొత్తం సరుకు ఆపేస్తారు."

"సరేలే. నువ్వు వేళకు తింటన్నావా?"

మా వైపు "సరేలే" అంటే ఒప్పుకున్నట్టు కాదు. ఇంక ఆ మాట వదిలెయ్యమని. పుట్టినప్పటి నుంచి వింటున్నదాన్ని, నాకు తెలియక కాదు. అదే ఊళ్లో ఉంటే బిందెకు అడ్డంగా నిలబడి, కళ్లమంతా అదిరిపోయేట్టు అరిచేదాన్ని. ఇక్కడ నా ఎదురుగా గోడమీద ఆ నవ్వు మొహం. మెట్లమీద ఒక అమ్మాయి కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. నేను మెల్లగా, మర్యాదగా, ఇంకోసారి చెప్పాను. కార్డులో ఒక్క నిమిషమే ఉందని మధ్యలో ఆడగొంతు హెచ్చరించింది. "సంచుల మీద నీ పేరులో మొదటి అక్షరం రాయిస్తన్నానే, చూసుకో" అని మామయ్య అరుస్తుండగా లైను తెగిపోయింది.

తర్వాతి వారం ఫోన్ చేసేసరికి టిక్కీలు లారీ ఎక్కేశాయి. చల్లావా అని నేను అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని భయం. ఇంత పిరికిదాన్ని ఎప్పుడయ్యానో నాకే అర్థం కాలేదు.

ఓడ రావడానికి నెల పైనే పట్టింది. అన్నాళ్లూ మిరప కవరు వచ్చినప్పుడల్లా ముందు కాగితం చూసి, ఆ తర్వాతే కవరు ముట్టుకునేదాన్ని. రేవులో సంచుల నుంచి నమూనా తీసే ఆయన, సంచి మీద ఏ గుర్తు ఉన్నా దాన్ని ఫారంలో దించుతాడు. ఒక మంగళవారం పొద్దున వచ్చిన ఫారంలో "ఎర్ర రంగు, ఏదో బొమ్మ" అని రాసి, పక్కన ఓపిగ్గా ఆ బొమ్మ వేశాడు. ముందు నాకూ ఏమీ తెలియలేదు. కాగితం తలకిందులు చేసి చూస్తే అది నా అక్షరం.

సొంతవాళ్ల సరుకును ముట్టుకోకూడదని మా దగ్గర నియమం. కవరు తీసుకెళ్లి సూపర్‌వైజరమ్మకు ఇచ్చి, ఇది నన్ను పెంచినాయన పంట అని చెప్పాను. చెప్పి మంచిపని చేశావని ఆమె నా భుజం తట్టి, దాన్ని ఇంకొకతనికి అప్పగించింది. అతనికి మిరప అంటే చచ్చేంత భయం. అద్దం అవతల అతను తుమ్ముకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, కవరు విప్పి కాయల్ని తెల్లటి ట్రేలో పోశాడు. నేను ఇవతల నిలబడి చూశాను. అంత దూరం నుంచీ తెలుస్తోంది. తొడిమలతో సహా నిండు కాయలు. ట్రేలో గింజ రాలిన జాడ లేదు. ఒక్కటంటే ఒక్కటి చిట్లలేదు. నీళ్లు పడకుండా కాయ అట్లా ఉండదు.

పరీక్షకు రెండు రోజులు. ఆ రెండు రోజులూ నేను పల్లీలు కొలిచాను, అంజీరాలు కోశాను, ఏం రాశానో నాకే తెలియదు. మంగళగిరి కొండమీద స్వామికి బిందెడు పానకం పోయిస్తానని మొక్కుకున్నాను. బిందె అనుకోగానే మళ్లీ కళ్లమే కళ్లముందుకు వచ్చింది. మొక్కుకుంటే యంత్రంలో అంకె మారదని నలుగురికీ చెప్పేదాన్ని నేనే.

గురువారం మధ్యాహ్నం సూపర్‌వైజరమ్మ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. బూజు విషం ఉండదగ్గదానికంటే చాలా ఎక్కువ ఉందని చెప్పింది. ఇంకోసారి చూడొచ్చా అన్నాను. నాకోసమే ఇంకోసారి చేయించిందట, అదే వచ్చిందట. తిప్పి పంపడమా, ఇక్కడే కాల్చెయ్యడమా అన్నది కొన్నవాళ్లు తేల్చుకుంటారు. వాళ్లకు రిపోర్టు చేరేవరకు నేను ఎవరికీ, మామయ్యకు కూడా, నోరు విప్పకూడదు. ఆమె మంచి మనిషి, నాకోసం టీ తెప్పించింది. ఆమె చోట నేనున్నా ఆ రిపోర్టే రాసేదాన్ని. తిట్టుకోవడానికి ఒక్క మనిషి కూడా దొరకలేదు నాకు. టీ చల్లారిపోయేదాకా కప్పు పట్టుకుని కూర్చున్నాను.

బయటికి వచ్చి సెల్ చూసుకుంటే మూడు మిస్డ్ కాల్స్. మామయ్యవే. చెయ్యకుండా ఉండిపోదామనుకున్నాను. చెయ్యకపోతే నాకేదో అయిందని ఆయన రాత్రంతా నిద్రపోడు. ల్యాబ్ ఎదురుగా రోడ్డు మీద ఉన్న ఫోన్ బూత్‌లోకి వెళ్లి, కొత్త కార్డు గీకి నంబరు నొక్కాను. ఊళ్లో అప్పుడు సాయంత్రం అవుతుంది. మొదటి రింగుకే ఎత్తాడు.

"సరుకు దిగిందంటనే! వ్యాపారి చెప్పాడు. నువ్వు చూశావా?"

"చూశాను మామయ్యా."

"మనదేనా? అక్షరం చూశావా?"

"చూశాను."

"ఎట్టా ఉంది కాయ? దారిలో ఏమన్నా చిట్లిందా?"

చెప్పకూడనిది నోటిదాకా వచ్చింది. చెప్పదగ్గది ఒక్కటే మిగిలింది. అందులో అబద్ధం కూడా లేదు.

"ఒక్క కాయ కూడా చిట్లలేదు మామయ్యా."

"ఎట్టా చిట్లుద్దే!" ఆయన గొంతు పొంగిపోయింది. "నువ్వేందో చల్లొద్దన్నావు గానీ, దేశంకాని దేశంలో నలుగురి ముందు మన సంచి విప్పితే పిండి రాలిందనుకో, నీకు ఎంత తలవంపులు? అందుకే ఈసారి కూలోళ్ల చేతికి ఇవ్వలా. నేనే వేపమండ పట్టుకుని చల్లా. నీ అంత చెయ్యి నాకు రాదు గదా, అందుకని రెండుసార్లు చల్లా."

నేను బూత్ అద్దానికి తల ఆనించాను.

"ఏమే, వినపడతందా?"

"వినపడుతోంది మామయ్యా."

"ఇదిగో, వీళ్లు నలుగురూ ఇక్కడే ఉన్నారు. నేను చెపితే నమ్మట్లా. నువ్వే చెప్పు, గట్టిగా చెప్పు."

ఫోన్ వాళ్లవైపు చాపినట్టున్నాడు. గాలి చప్పుడు, ఎవరో దగ్గడం, దూరంగా ఒక ట్రాక్టరు వినిపించాయి. బూత్‌లో గోడకు ఏ కాగితమూ లేదు. రెండేళ్ల తర్వాత మొదటిసారి మా ఊరి గొంతుతో అరిచాను.

"ఒక్క కాయ కూడా చిట్లలేదు!"

అవతల నలుగురూ ఒక్కసారి నవ్వారు. కార్డులో ఇంకా చాలా నిమిషాలు ఉన్నాయి.