సర్కారు పంపని స్వయంపాకం

ఆళ్లగడ్డలో మా ఇల్లు కర్నూలు నుంచి కడపకు పోయే రోడ్డు పక్కనే ఉండేది. ఇంటి ముందు పందిరి, పందిరి కింద రాళ్లు, రాళ్ల మధ్య మా నాయన. ఆయన దేవుళ్లను చెక్కేవాడు. నాకు అప్పుడు పదేళ్లుంటాయి, తమ్ముడికి రెండు నిండలేదు. కర్నూలు కొత్తగా రాజధాని అయింది. వానలు మాత్రం ఎప్పటిలాగే ఎగ్గొట్టాయి.

కరువు మాకు కొత్త కాదు. కొత్త ఏమిటంటే, ఆ ఏడు మా దేశం ఉన్నట్టుండి చాలా పెద్దదైపోయింది. బస్టాండు దగ్గర కాఫీ హోటల్లో రేడియో పెట్టారు. ఎక్కడో దేశాలు కొట్టుకుంటే మనవాళ్లు వెళ్లి సర్దిచెబుతున్నారట. మన మాట వినకుండా పెద్ద దేశాలు కూడా అడుగు ముందుకు వేయడం లేదట. పొద్దుటి నుంచి ఏమీ తినని వాళ్లు హోటల్ బయట మట్టిలో కూర్చుని అది విని మురిసిపోయేవారు. ఆ మురిపెం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అలాంటప్పుడు నంద్యాల నుంచి ఒక ఆఫీసరు జీపులో దిగాడు. విదేశంలో పెద్ద ఎగ్జిబిషన్ జరగబోతోందనీ, అక్కడ మన దేశానికీ ఒక మంటపం కడుతున్నారనీ, అందులో నిలబెట్టడానికి వేణుగోపాలస్వామి విగ్రహం కావాలనీ చెప్పాడు.

"ప్రపంచమంతా వచ్చి చూస్తుంది ఆచారీ. మనం ఎవరికీ తీసిపోమని తెలియాలి వాళ్లకు" అన్నాడు.

నాయన చేతులు కట్టుకుని విన్నాడు. మంటపమంటే ఆయనకు తెలిసింది గుడి మంటపమే. ఆ ఏడు మా దగ్గర విగ్రహం అడిగినవాడే లేడు. దేవుడే జీపెక్కి వచ్చాడనుకున్నాడు పాపం.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. పూజకు పోయే విగ్రహం మీద ఉలి పెట్టిన రోజు నుంచి, చివరన దాని కళ్లు తెరిపించే రోజు దాకా, ఇంట్లో ఎవరూ బయట వండింది ముట్టకూడదు. మా పొయ్యి మీద వండిందే తినాలి. అందుకని విగ్రహం చేయించేవాళ్లే బియ్యం, కందిబేడలు, బెల్లం, నెయ్యి మా ఇంటికి పంపేవారు. దాన్ని స్వయంపాకం అంటారు. దాన్ని ఎవరూ అడిగేది లేదు, అడిగించుకునేది లేదు. రుద్రవరం రైతులు గుడి కట్టుకున్నప్పుడు బండి మీద మూటలు దిగడం నాకు గుర్తుంది. ఈసారి విగ్రహం చేయిస్తున్నది సర్కారు. కాబట్టి సర్కారే పంపుతుందని నాయన నమ్మాడు.

రాయి వచ్చింది. మంచి రోజు చూసి ఉలి పెట్టాడు. స్వయంపాకం రాలేదు.

ఉన్న జొన్నలు అయిపోయాయి. అమ్మ గట్ల మీద మొలిచిన చెంచలాకు కోసుకొచ్చి, ఉడకబెట్టి ఉప్పు వేసి పెట్టేది. ఆమెకు పాలు ఎండిపోయాయి. తమ్ముడి కాళ్లు వాచాయి, తల వెంట్రుకలు రాగిరంగుకు తిరిగాయి. వాడు ఏడవడం మానేశాక మా ఇల్లు మరీ భయంగా ఉండేది.

అప్పటికి బస్టాండు వెనక గంజి కేంద్రం పెట్టి ఉన్నారు. పెద్ద గంగాళాల్లో గంజి కాచి, వచ్చినవాళ్లకు వచ్చినట్టు పోస్తున్నారు. మా వీధిలో సగం మంది ప్రాణాలు దాని మీదే నిలిచాయి. మేము మాత్రం ఇంట్లో కూర్చుని దాని వాసన పీల్చేవాళ్లం.

"పిల్లోనికన్నా తాపిచ్చుకోనొస్తా" అని అమ్మ అడిగింది.

"ఒక పొయ్యి, ఒక నియమం. పిల్లోడు ఏరే, మనం ఏరేనా?" అన్నాడు నాయన.

నాయన ఒక్కడినే తప్పుపట్టలేను. ఒక రోజు అమ్మ ఆయనకు చెప్పకుండా తమ్ముణ్ణి చంకనేసుకుని, నన్ను వెంటబెట్టుకుని గంజి వరుసలో నిలబడింది. మా వంతు వచ్చింది. గంజి పోసేవాడు గరిటె ఎత్తాడు. అమ్మ చెంబు చాపబోయి వెనక్కి తీసుకుంది. నియమం తప్పితే సామి పిల్లోణ్ణే తీసుకుపోతాడని గొణిగి, ఖాళీ చెంబుతో వెనక్కి తిరిగింది. దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది.

ఆ తర్వాత నాయన నంద్యాలకు పోయాడు. సాయంత్రానికి తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతూ ఉంది, చేతులు మాత్రం ఉత్తవే.

"ఆ మంటపం బొమ్మ సూపిచ్చినారు. పెద్ద పెద్ద దేశాల మంటపాల పక్కనే మనది. మన సామి నట్టనడుమ నిలబడతాడు" అన్నాడు.

"బియ్యం సంగతి అడిగినావా?"

"అడిగి తెచ్చుకుంటే బిచ్చమైతాది. వాళ్లే పంపాల. ఇంత పెద్ద సర్కారు, పంపకుండా యాడికి పోతాది?"

ఆ సర్కారుకు మా పద్ధతి ఒకటుందనే తెలియదని ఆయనకు తట్టలేదు, మాకూ తట్టలేదు. కళ్లు తెరిపిస్తే నియమం తీరుతుంది, తమ్ముడికి గంజి తాపవచ్చు. నాయన రాత్రీ పగలూ ఉలి దించకుండా చెక్కాడు. సామి వేళ్లు వేణువు మీద ఒక్కొక్కటే తేలాయి. ఇక కళ్లే మిగిలాయి. దానికి మంచి గడియ మరుసటి రోజు పొద్దున ఉందన్నారు.

ఆ మధ్యాహ్నమే లారీ వచ్చి ఆగింది. ఆఫీసరు దిగి, నంద్యాలలో రైలుకు ఎక్కించాలి, తొందరగా కట్టండని మనుషులను పురమాయించాడు. వాళ్లు విగ్రహానికి వరిగడ్డి చుట్టడం మొదలుపెట్టారు.

నాయన అడ్డం పోయాడు. "సామీ, కండ్లు తెరిపియ్యలేదింకా. రేపు పొద్దున్నే గడియుండాది. ఒక్క పూట ఆగండి."

ఆఫీసరు మంచివాడే, నవ్వుతూ చెప్పాడు. "దీనికేమైనా పూజలు చేస్తారా ఆచారీ? అక్కడ చూసేవాళ్లు తెల్లవాళ్లు. ఊరికే చూసి పోతారు. కళ్లు తెరిచినా తెరవకపోయినా ఒకటే."

నాయన ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. "అయితే ఇది పూజకు గాదా?" అని అడిగాడు.

"కాదయ్యా, ప్రదర్శనకు. మొదటే చెప్పాను కదా."

పూజకు కాకపోతే నియమమే లేదు. ఏ రోజూ లేదు. అది అర్థమయ్యేసరికి నాయన ఉలి కింద పడేశాడు. ఇంట్లోకి పోయి తమ్ముణ్ణి ఎత్తుకుని రోడ్డుకు అడ్డం పడి పరుగెత్తాడు. అమ్మ చెంబు తీసుకుని ఆయన వెనక, నేను అమ్మ వెనక.

వరుసలో ఉన్నవాళ్లు మమ్మల్ని చూసి దారి ఇచ్చారు. గంజి పోశారు. అమ్మ నేల మీద కూర్చుని తమ్ముడి నోరు తెరిచి కొంచెం కొంచెంగా పోసింది. గంజి నోట్లోకి పోయి, పెదవుల చివర నుంచి గడ్డం మీదికి కారింది. అమ్మ కొంగుతో తుడిచి మళ్లీ పోసింది. మళ్లీ కారింది.

"తాగు నాయనా, తాగచ్చు, ఏం గాదు" అంటూనే ఉంది.

గంజి పోసేవాడు వంగి వాడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. "ఇంగ పొయ్యొద్దమ్మా. పోయినాడు" అన్నాడు.

నాయన ఆ మట్టిలోనే కూలబడ్డాడు. అమ్మ చెంబులోకి చూసుకుంది. సగం గంజి ఉంది ఇంకా. దాన్ని నా చేతికిచ్చి, "నువ్వన్నా తాగు" అంది.

తాగాను. వేడిగా ఉంది, ఉప్పు సరిపోయింది. తమ్ముడు అమ్మ ఒళ్లోనే ఉన్నాడు. నేను చెంబు ఖాళీ చేసి, ఇంకొంచెం పోయమని గంజి పోసేవాడి ముందు చాపాను.