మాటల్లేని సినిమాలో కాక మాటలు

మా గల్లీలో సినిమా తీశారంటే ఎవరూ నమ్మరు. దానికైన ఖర్చల్లా ఒక సెల్‌ఫోను, దాన్ని నిలబెట్టే స్టాండు, మా అమ్మ పోసిన చాయ్. తీసిన కుర్రాడు గుజరాతీ. సినిమా చదువు చదువుతుంటే లాక్‌డౌన్‌లో కాలేజీ మూతపడి సూరత్ వచ్చేశాడు. ఒంటరిగా బతికే విచిత్రమైన మనిషి ఎవరైనా ఉన్నారా అని మేముండే సచిన్ పేటలో అడుగుతూ తిరిగితే, అందరూ మా ఎదురింటి మేడగదే చూపించారు.

ఆ గదిలో ఉండేది కాక. మాకు చుట్టం కాదు. నాన్న పనిచేసే కార్ఖానాలోనే వయసంతా సాంచాలు నడిపాడు. మరమగ్గాలను తెలంగాణ నుంచి వలస వచ్చిన మావాళ్లు సాంచాలంటారు. ఆ హోరులో చెవులు దాదాపు పోయాయి. అక్కడ ఎంత అరిచినా లాభం ఉండదు, పెదవులు కదిపితే అవతలి వరుసలోని మనిషి చూసి తెలుసుకుంటాడు. కాక ఆ అలవాటును ఇంటికీ కిరాణా కొట్టుకీ తెచ్చుకున్నాడు. ఎక్కడైనా గొంతు బయటికి రాకుండానే మాట్లాడేవాడు. నాన్నదీ కొంత అదే తీరు కాబట్టి నాకు చిన్నప్పటి నుంచీ పెదవులు చదవడం వచ్చు. నలుగురిలో నోరు తెరవాలంటే వణికే నేను కాకతో మాత్రం బోలెడు మాట్లాడేదాన్ని. మా ఇంటి బాల్కనీలో నేను, తన మెట్ల మీద ఆయన, మధ్యలో గల్లీ. ఎవరికీ వినపడేది కాదు.

మాస్కులు వచ్చాక కాకకు లోకమంతా మూగబోయింది. కొట్టువాడు ఏమంటున్నాడో తెలియక ఒకరోజు చెయ్యి చాచి అతని మాస్కు కిందికి లాగాడు. తర్వాత పాలవాడిది. జబ్బు భయంతో ఉన్న జనం ఊరుకుంటారా? ముసలాయనకు పిచ్చి లేచిందన్నారు. కార్ఖానా మళ్లీ తెరిచేసరికి ఆ మాట యజమాని సేఠ్ దాకా వెళ్లింది. అందరినీ పనికి పిలిచాడు, కాకను తప్ప.

"సాంచాలు లేకుంటే నేనేం జెయ్యాలె బిడ్డా? ఊర్ల నాకెవలున్నరు?" అని మెట్ల మీద నుంచి అడిగాడు. 

సరిగ్గా అప్పుడే సినిమా కుర్రాడు వచ్చాడు. కాక బట్టలుతుక్కోవడం, ఒక్కడే కూర్చుని తినడం, రోజూ కార్ఖానా గేటు దాకా నడిచి తిరిగి రావడం తీశాడు. గేటు లోపలికి రానిచ్చినందుకు, పూర్తయ్యాక సినిమా చూపిస్తానని సేఠ్‌కు మాటిచ్చాడు.

ముందు మా ఇంటికి ల్యాప్‌టాప్ తెచ్చాడు. "ఇందులో ఒక్క మాట ఉండదు బెహన్. అంతా మౌనమే," అని హిందీలో గర్వంగా చెప్పాడు.

తెర నిండా కాక ముఖం. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వసాగింది. "గాయిన గిన్ని తిట్లు తిడుతుంటే ఈ పిలగానికి తెల్వనే తెల్వదా!"

"జర ఆ మూతిగుడ్డ తియ్యరాదయ్యా, నువ్వేమంటున్నవో నాకేం సమజైతది?" అంటున్నాడు కాక. తర్వాత, "గంట సేపు ఎండల నిలబెట్టిండు. నేనేమన్న ఆరేసిన అంగినా?" గేటు దగ్గర మాత్రం నవ్వు రాలేదు. "నా సాంచాలు ఎవలికిచ్చిండ్రో. ఆ మూలది మొండిది. కొత్తోని మాట ఇనది."

"ఆయన మాట్లాడుతున్నాడు," అన్నాను. కుర్రాడు నమ్మలేదు. వెనక్కి తిప్పించి ఒక్కో మాటా చెప్పాను. అతని ముఖం వాడిపోయింది. "అయితే నా సినిమా పోయినట్టే."

అతని మీద కోపం రాలేదు. పుస్తకాల్లో అలాంటి మౌన మనుషుల గురించి నేనూ ఇష్టంగా చదివాను. వాళ్లు అర్థం కాకుండా ఉంటేనే అందంగా ఉంటారు. కానీ కాకకూ మాకూ మధ్య అడ్డం వచ్చింది పెద్ద రహస్యమేమీ కాదు, జానెడు గుడ్డ.

"సేఠ్ దీన్ని ఇట్లాగే చూస్తే, పిచ్చివాడన్న మాట నిజమనుకుంటాడు," అన్నాను. పరాయి మనిషితో అంత గట్టిగా మాట్లాడటం నాకదే మొదటిసారి. కుర్రాడు సినిమాను మళ్లీ మొదటికి తిప్పి, "కింద అక్షరాలు వేద్దాం. మీరు చెప్పండి," అన్నాడు. కాక మాటలన్నీ గుజరాతీలో చెప్పాను. తిట్లు కూడా.

ఒక ఆదివారం సాయంత్రం కార్ఖానాలో రంగెయ్యని గుడ్డ కట్టి సినిమా వేశారు. వెనక వరుసలో కొన్ని సాంచాలు నడుస్తూనే ఉన్నాయి. పనివాళ్లకు ఏ అక్షరాలూ అక్కర్లేకపోయాయి. కాక పెదవి కదపగానే ఘొల్లున నవ్వారు. సేఠ్ చదువుకుని, కాస్త ఆగి నవ్వాడు. గేటు దగ్గరి మాటలు వచ్చినప్పుడు మొదట పనివాళ్ల నవ్వు ఆగింది, తర్వాత ఆయనది.

అయిపోయాక సేఠ్ కాక దగ్గరికి వచ్చి ఏదో అన్నాడు. కాక ఆ మాస్కునే చూస్తూ నిలబడ్డాడు. ఈసారి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. సేఠ్‌కు అర్థమైంది. రెండడుగులు వెనక్కి వేసి, తనే మాస్కు కిందికి దించాడు.

"రేపు పొద్దున షిఫ్టుకి రా."

కాక పెదవులు కదిలాయి. సేఠ్ చుట్టూ చూసి, కుర్రాడు చూపించిన నా వైపు తిరిగాడు. ఏమంటున్నాడని అడిగాడు. సాంచాల హోరు. అంతమంది కళ్లు నా మీదే. గొంతు చించుకుని అరవక తప్పలేదు.

"ఆ మూలది కూడా ఇస్తారా అని అడుగుతున్నాడు!"