టీచరమ్మకు గుడ్డు లేని కేకు

మొన్న క్రిస్మస్ ముందు రోజు నేను చేసిన నిర్వాకం వింటారా? నా చేతి వంట ఎవరు తినాలని ఏడాదిగా తపించిపోయానో, ఆమె తినబోతుంటే నేనే లాక్కున్నాను! నవ్వండి, నవ్వండి. మా ఆయన అప్పటి నుంచీ నవ్వుతూనే ఉన్నాడు.

లలిత టీచరమ్మ, మా పాపకు నాచారం బడిలో చదువు చెప్పేది. పాప కోసం పోయి గేటు దగ్గర నిలబడే నన్ను లోపలికి పిలిచి, అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. ఇవాళ నేనొక్కదాన్నే బోర్డు చదువుకుని ఉప్పల్ బస్సు ఎక్కుతున్నానంటే ఆ తల్లి చలవే. కానీ సకినాలు తీసుకుపోయినా, అరిసెలు తీసుకుపోయినా "ఇంకోసారి తింటాలే సుగుణా" అనేది. వాళ్ళింటి పట్టింపులు వాళ్ళవి, నేనేమీ అనుకోలేదు. అబద్ధం ఎందుకు, అనుకున్నాను.

ఇంతలో వాళ్ళాయనకు విశాఖపట్నం ట్రాన్స్‌ఫర్! సరిగ్గా పండగ ముందు రోజే ప్రయాణం. గుండె ఆగినంత పనైంది. సిగ్గు విడిచి అడిగేశాను.

"టీచరమ్మా, మా పండుగ కేకు ఒక్క ముక్క తినిపోరాదున్రి?"

కాసేపు ఆలోచించి, "గుడ్డు వేయకుండా చేస్తే తింటాను" అంది.

గుడ్డు లేకుండా కేకేంది అని మా అత్త ఒకటే దెప్పడం. నేను వింటానా! పెరుగు పోసి, అరటిపండు పిసికి పిండి కలిపాను. చర్చివాళ్ళందరిలాగే కాల్పించుకోవడానికి ఉప్పల్లో బేకరీ భట్టీకి మోసుకుపోయాను. అక్కడ అన్నీ బేకరీవాళ్ళ గిన్నెలే, ఇంకొకరిదానితో కలిసిపోతే ఎలా? అందుకని పైన జీడిపప్పు పలుకులతో సిలువ గుర్తు పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తెల్లారి పోయి చూద్దును కదా, బల్ల మీద వరసగా గిన్నెలు. ప్రతి గిన్నె మీదా జీడిపప్పు సిలువే! పండగ కేకులు కాల్పించుకునేది మనవాళ్ళే కదా, మనవాళ్ళకు ఇంకే గుర్తు తోస్తుంది?

"చాచా, సిలువ ఉన్నది నాది" అన్నాను.

భట్టీ చాచా చేతులు దులుపుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "అరె బేటీ, పొద్దుగాల సంది అందరు గిదే మాట. జర నువ్వే సూసుకో."

గుడ్డు లేనిది పొంగదు కదా, అన్నిటికంటే అణిగిపోయి ఉన్నది నాదే అని తేల్చేశాను. చంకన పెట్టుకుని రిక్షా ఎక్కాను.

టీచరమ్మ ఇంటి వరండా నిండా మూటలే. గోడలు బోసిగా ఉన్నాయి. "తెచ్చావా!" అంటూ ఆమె ట్రంకుపెట్టె మీదే కూర్చుంది. కోసి, ముక్క చేతిలో పెట్టాను. ఆమె నోటి దాకా తీసుకుపోయింది. అప్పుడు కనిపించింది, ముక్కలో ఖర్జూరం! నేను ఖర్జూరం వేయనేలేదే!

"వద్దు టీచరమ్మా, తినకున్రి!" అని అరిచి గుంజుకున్నాను. ఆమె చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఇది నాది గాదు టీచరమ్మా. ఎవలదో. ఇండ్ల గుడ్డు ఉంటది" అని చెప్తూ భోరుమన్నాను. ఇంకో కేకు చేద్దామంటే టైం ఎక్కడిది? ఇంకో గంటలో వెళ్ళిపోతుంది.

టీచరమ్మ నన్ను చూసింది, ముక్కను చూసింది, పడీపడీ నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "స్టవ్వు ఇంకా మూట కట్టలేదు. లోపలికెళ్ళి టీ పెట్టు. నీ చేతి టీ తాగుతాను" అంది.

ఆ వంటింట్లోకా? నేనా? ఎన్నిసార్లు వచ్చినా వరండా దాటలేదు నేను. గడప దాటి స్టవ్వు మీద పాలు పెట్టాను. పాలు పొంగుతున్నాయో, నా కళ్ళే పొంగుతున్నాయో తెలియలేదు. గ్లాసుల్లో పోసి తెచ్చాను.

టీచరమ్మ గుక్క గుక్కా తాగుతూ, "చాలా బాగుంది సుగుణా" అంది. ఇక నా సంతోషం చూడాలి! ఇంతలో వాళ్ళాయన వచ్చి గ్లాసు అందుకుని ఒక్క గుక్క తాగాడు.

"ఇందులో పంచదార..."

టీచరమ్మ కళ్ళెర్రజేసింది. "మాట్లాడకుండా తాగండి."

పాపం, కళ్ళు మూసుకుని గ్లాసు ఖాళీ చేశాడు.

వాళ్ళు ఎక్కిన రిక్షా మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. తిరిగాక కూడా నిలబడ్డాను. ఇప్పుడు బడి అరుగు వైపు చూడబుద్ధి కావడం లేదు. నా కేకు మా చర్చి మరియమ్మక్క ఇంట్లో తేలిందిలెండి, దాన్ని కొరికి వాళ్ళ మామ పన్ను కదిలిందట! అది పోనివ్వండి. తీపి పట్టుకుని ఏడాదంతా వెంట తిరిగినదాన్ని, చివరికి చక్కెర లేని టీ తాగించి రైలెక్కించాను. నా చేతి రుచే అంత అనుకుంటూ ఉంటుంది టీచరమ్మ, విశాఖపట్నంలో!