తలుపు దగ్గర ఆగిన అమ్మాయి

లొరేన్ త్రెల్‌ఫాల్ ఎక్కడ నిలబడినా చేతులు వెనక్కి కట్టుకుంటుంది. ఇంగ్లండ్ తీరంలోని ఫ్లీట్‌వుడ్ ఊళ్లో సముద్రపు గాలికి కోటు రెపరెపలాడుతున్నా, సొంత కూతురి వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగబోతున్నా ఆ చేతులు ముందుకు రావు. "అమ్మా, ఇది నీ ఆఫీసు కాదు, ఆ గిన్నె కాస్త దించు" అని కూతురు విసుక్కుంటుంది. లొరేన్ నవ్వి దించుతుంది. అప్పటికే పాలు పొయ్యి మీద పడి ఉంటాయి.

ఆ అలవాటు ఆమెకు మారమ్ హౌస్‌లో అబ్బింది. ఆ ఇంటికి ఆమె మేనేజరు. బిడ్డను పెంచగలరా లేదా అని కోర్టుకు అనుమానం వచ్చిన తల్లులూ తండ్రులూ పసివాళ్లతో వచ్చి కొన్ని వారాలు అక్కడ ఉంటారు. వాళ్లు పాలు కలుపుతుంటే, స్నానం చేయిస్తుంటే, ఏడుపుకు ఉలిక్కిపడి లేస్తుంటే పనిచేసేవాళ్లు పక్కన నిలబడి చూస్తారు, రాస్తారు. నడవలో, వంటింట్లో, హాల్లో కెమెరాలు చూస్తాయి. బిడ్డకు ప్రమాదం ఉంటే తప్ప ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. సాయం చేసిన ప్రతిసారీ, ఆ పని తల్లికి చేతకాలేదని రాసుకోవాలి. అందుకే కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు లొరేన్ మొదట నేర్పేది చేతులు వెనక్కి పెట్టుకోవడం.

చూస్తూ నిలబడడం ఆమెకు చిన్నప్పుడే తెలుసు. తండ్రి చేపల ఓడ మీద ఐస్‌లాండ్ వైపు వెళ్లేవాడు. గాలి ముదిరిన రోజుల్లో తల్లి కిటికీ దగ్గర నిలబడి బూడిదరంగు నీళ్లకేసి చూసేది. చూస్తే ఏమవుతుందమ్మా అని లొరేన్ అడిగింది ఒకసారి. ఏమీ కాదు, అయినా చూడాలి, అందామె. ఇప్పుడు ఆ ఓడలు లేవు. రేవులో చవక సరుకుల దుకాణాలున్నాయి. కిటికీలు మాత్రం ఇంకా సముద్రం వైపే ఉన్నాయి.

ఫిబ్రవరిలో, వాన అడ్డంగా కొడుతున్న ఒక ఉదయం, టీగన్ వచ్చింది. పక్కనున్న ప్రెస్టన్ ఊరి పిల్ల, ఇరవై ఏళ్లు కూడా లేవు. ప్రభుత్వం ఉంచిన పెంపుడు ఇళ్లలో పెరిగింది, ఒకచోట కుదురుకునేలోపు ఇంకోచోటికి. చంకలో ఆల్బీ, నెలల బిడ్డ, నిద్రలో కూడా కనుబొమలు ముడిచి ఏదో లెక్క తప్పినట్టు ఆలోచిస్తుంటాడు.

మొదటి రోజే వంటింట్లో కెమెరా కనిపెట్టి బిడ్డను పైకెత్తింది. "జుట్టు సర్దుకోరా బాబూ, టీవీలో ఉన్నాం. నవ్వు, లేకపోతే నిన్ను తీసేసి ఇంకో పిల్లాణ్ణి పెడతారు."

జనీన్ అనే ఉద్యోగిని పక్కకు తిరిగి నవ్వుకుంది. తర్వాత ఏం రాయాలో తోచక లొరేన్ దగ్గరికి వచ్చింది. హాస్యం అని రాయి, అంది లొరేన్.

ఆ పిల్ల బిడ్డను బాగా ఎత్తుకునేది. మోచేతి మడతలో వాడి తల కోసమే ఒక గుంట ఉన్నట్టుండేది. కానీ ఎవరు ఏం చెప్పినా భుజాలు బిగిసిపోయేవి. పాలు ఇంకొంచెం చల్లారనియ్యి తల్లీ అంటే, నాకు తెలుసు. టోపీ పెట్టలేదేం అంటే, నాకు తెలుసు. కొన్ని వారాల తర్వాత జరిగిన సమావేశంలో సోషల్ వర్కరు, ఈ అమ్మాయి ఎవరి మాటా వినదు, ఎవరినీ సలహా అడగదు, రేపు బిడ్డకు ఏదైనా అయితే దాచిపెడుతుందేమో అన్నాడు. అందరూ లొరేన్ వైపు చూశారు. జనీన్ రాసిన కాగితాల్లోనూ అదే ఉంది.

సమావేశం అయ్యాక లొరేన్ పెరట్లోకి వెళ్లింది. టీగన్ గోడకు ఆనుకుని సిగరెట్ కాలుస్తోంది. ఎదురుగా తీగ మీద ఆల్బీ చొక్కాలు గాలికి నిండి, పొట్టలొచ్చి, ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయి.

"ఎవరినీ ఎందుకు అడగవు నువ్వు?" అంది లొరేన్.

టీగన్ సిగరెట్ బూడిద రాల్చింది. "చిన్నప్పుడు అడిగేదాన్ని. ఇంకో దుప్పటి కావాలని అడిగాను ఒక ఇంట్లో. వారం తిరక్కుండా నా బ్యాగు సర్ది ఇంకో ఇంటికి పంపేశారు. దుప్పటి వల్లో కాదో నాకు తెలీదు. అప్పట్నుంచి అడగను."

"ఇక్కడ అడిగితే ఎవరూ బ్యాగు సర్దరు. అడగడం మంచిదని రాస్తారు. ఏ కాస్త అనుమానం వచ్చినా అడిగి చెయ్యి."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ మాట లొరేన్ మనసారా అంది.

టీగన్ అడగడం మొదలుపెట్టింది. మొదట గొంతులో ముల్లు తీసినట్టు ఒక్కో ప్రశ్నా బయటికి వచ్చేది. నీళ్లు ఈ వేడి సరిపోతుందా? రెండో స్వెటర్ వెయ్యనా? తర్వాత అలవాటైంది. ముందు నుంచీ తెలిసిన పనులు కూడా అడిగి చేసేది. డైపర్ ఒక చేతిలో, జవాబు కోసం మొహం జనీన్ వైపు. "తుమ్మొస్తోంది జనీన్, తుమ్మమంటావా?" అని ఆటపట్టించేది కూడా. ఇల్లంతా ఆ నవ్వుకు వెచ్చబడింది. జనీన్ మాత్రం ఒకరోజు టీ తాగుతూ, ఈ పిల్ల మరీ అడుగుతోంది, అడిగిన ప్రతిదీ నేను చెప్పి చేయించినట్టు రాయాల్సి వస్తోంది అంది. రాయనివ్వు, నేర్చుకుంటోంది కదా, అంది లొరేన్. ఎండిపోయిన కుండీలో చిగురు చూసినంత సంబరం ఆమెకు.

మారమ్ హౌస్‌లో ఆఫీసు తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. లోపల మిగతా కుటుంబాల కాగితాలుంటాయి, ఒకరి బాధ ఇంకొకరి కంట పడకూడదు. తల్లిదండ్రులు తలుపు తట్టి బయట ఆగాలి. వచ్చిన రోజే చెప్పే నియమం అది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం లొరేన్ ఆ తలుపు వెనక ఫోన్‌లో ఉంది. అవతల టీగన్ తరఫు లాయరు. చాలా మారింది, ఇప్పుడు ప్రతిదీ అడుగుతోంది, నమ్మకం కుదిరింది అని లొరేన్ చెబుతోంది. తలుపు మీద మెల్లగా రెండు దెబ్బలు పడ్డాయి. ఎదురుగా కెమెరా తెర మీద నడవ కనిపిస్తోంది. టీగన్ ఆల్బీని భుజాన వేసుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఊగుతోంది. మళ్లీ స్నానం నీళ్ల సంగతేమో అనుకుంది లొరేన్. తెరకేసి వేలు చూపించింది, ఒక్క నిమిషం అన్నట్టు. తెర అవతలివాళ్లకు ఆ వేలు కనపడదు. ఆ పిల్ల గురించి మంచిమాటలు ఇంకా మిగిలే ఉన్నాయి. అవన్నీ పూర్తిగా చెప్పాలని ఆమె తాపత్రయం.

నడవలోంచి జనీన్ కేక విని లొరేన్ ఫోన్ వదిలేసింది. జనీన్ అటుగా పోతూ ఆల్బీ మెడ మీద చెయ్యి వేసిందట. పిల్లాడు కాలిపోతున్నాడు, కళ్లు తేలేస్తున్నాడు. అంబులెన్స్ వచ్చింది. దాని తలుపులు మూసుకుంటుంటే లోపల టీగన్ మొహం, అడగడానికి ఎవరూ కనపడక, ఖాళీగా ఉంది.

చెవిలో చీము పట్టిందన్నారు డాక్టర్లు. మందు పడింది. మర్నాడు సాయంత్రానికి ఆల్బీ మళ్లీ కనుబొమలు ముడిచాడు.

ఆసుపత్రి మంచం పక్కన లొరేన్ అడిగింది. "వాడికి జ్వరమని తెలుసా నీకు?"

"తెలుసు. పొద్దుటి పాలు వద్దన్నప్పుడే అనుమానమొచ్చింది. చంకలో చెయ్యి పెట్టి చూశాను."

"మరి అక్కడ ఎందుకు ఆగావు టీగన్? అరవాల్సింది. తలుపు తోసుకుని రావాల్సింది."

టీగన్ ఆమెను వింతగా చూసింది. "తట్టి ఆగమన్నారు కదా. అడిగి చెయ్యమన్నది నువ్వే కదా."

లొరేన్ ఏదీ దాచలేదు. పెరట్లో తను చెప్పిన మాట, తెర మీద తను చూసిన సంగతి, ఆ రోజు తను తలుపు తియ్యకపోవడం, అన్నీ నివేదికలో తన పేరుతో రాసింది. బిడ్డ తరఫున మాట్లాడడానికి కోర్టు పెట్టిన పెద్దావిడ అది శ్రద్ధగా చదివి, మారమ్ హౌస్‌కి వచ్చి, లొరేన్ ఎదురుగా కూర్చుంది. కఠినమైన మనిషి కాదు. కప్పు రెండు చేతులతో పట్టుకుని మెల్లగా అడిగింది.

"మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను లొరేన్. కానీ రేపు ఆ అమ్మాయి ఒక్కతే ఒక ఫ్లాట్‌లో ఉంటుంది. అప్పుడు ఎవరి తలుపు తడుతుంది?"

లొరేన్ కిటికీ వైపు తిరిగింది. బయట పోటు తగ్గిన ఇసుక, మైళ్ల పొడవున, తడిగా మెరుస్తోంది. తప్పు తనదే అని చెబితే తన ఉద్యోగానికి ముప్పు రావచ్చునేమో గాని, ఆ ప్రశ్న మాత్రం కదలదు. ఎటు తిప్పినా దాని మొన ఆల్బీ వైపే ఉంది. ఆ ప్రశ్న లొరేన్ కూడా ఇంతకుముందు ఎందరు తల్లుల గురించో వేసిందే.

బిడ్డను పెంపుడు కుటుంబానికి ఇవ్వమని జడ్జి చెప్పాడు.

వాళ్లు వచ్చి తీసుకెళ్లే ఉదయం ఎండగా ఉంది. ఎవరూ పక్కన నిలబడి చూడనక్కర్లేదు, రాయనక్కర్లేదు. పరిశీలన అయిపోయింది. టీగన్ గదిలో బ్యాగు సర్దుతోంది. లొరేన్ గుమ్మం దగ్గర నిలబడింది.

టీగన్ ఎవరినీ ఏమీ అడగలేదు. చొక్కాలు వాడు వేసుకునే వరసలో పేర్చింది. ఉతికిన దుప్పటి పక్కన పెట్టి ఉతకని దుప్పటి లోపల పెట్టింది, తన వాసన ఉంటుందని. మందు సీసా మూత బిగించి, తలకిందులు చేసి చూసి, విడిగా సంచిలో చుట్టింది. పెంపుడు తల్లి రాగానే, తడుముకోకుండా, ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పింది: ఎడమ భుజం మీదే నిద్రపోతాడు. కుడి చెవి ముట్టుకోనివ్వడు, నొప్పి పోయినా భయం పోలేదు. బయట రోడ్డు మీద ట్రామ్ గంట వినపడితే ఏడుపు ఆపుతాడు, మీ వైపు ట్రామ్ లేకపోతే నాలుకతో ఇలా చప్పుడు చెయ్యండి. చేసి చూపించింది. ఆల్బీ తల తిప్పాడు.

పెంపుడు తల్లి తలూపింది. జనీన్ గోడ వైపు తిరిగింది. ఇదంతా చూడాల్సినవాళ్లు ఎక్కడో వేరే గదుల్లో, వేరే కాగితాల ముందు ఉన్నారు. లొరేన్ చేతులు ఆమె వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

కారు మలుపు తిరిగేదాకా టీగన్ గేటు దగ్గర నిలబడింది. తర్వాత లోపలికి వచ్చింది. ఆఫీసులో తెర ముందు కూర్చున్న లొరేన్‌కు నడవలో ఆమె కనిపించింది, భుజం ఖాళీగా, అయినా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఊగుతూ. తట్టడానికి చెయ్యెత్తిందో లేదో లొరేన్ లేచి తలుపు తీసేసింది.

టీగన్ ఎత్తిన చెయ్యి అలాగే ఉంది.

"లొరేన్," అంది, "ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

లొరేన్ ఆ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. తల్లిదండ్రులెవరూ అడుగుపెట్టకూడని కాగితాల మధ్య కుర్చీలో కూర్చోబెట్టింది. టీకి నీళ్లు పెట్టింది. నీళ్లు మరిగి, కెటిల్ దానంతటదే ఆగిపోయాక కూడా, ఆమె టీగన్ వైపు తిరగకుండా అటే చూస్తూ నిలబడి ఉంది.