వెనక సీటు సముద్రం

మా మావయ్య ఈమధ్యే దోహాలో పోయాడు. ఆ కబురు చెప్పింది ఆయన పనిచేసే ఇంట్లో వంట చేసే కడపమ్మాయి. "అక్కా, పొద్దెక్కినా కారు కడగల్యా. తలుపు తడితే మీ మామ పలకల్యా," అంది. పలకలేదన్న మాట కంటే కారు కడగలేదన్న మాటకే నేను చెప్పులు వెతుక్కున్నాను. ఆ ఇంట్లోవాళ్ళు లేచేసరికి కారు తడితడిగా మెరుస్తూ ఉండాలి, అది ఆయన పట్టింపు. జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా కడిగేవాడు. నేను నజ్మాలోని మా ఇంటి నుంచి టాక్సీలో వెళ్ళేసరికి అంతా అయిపోయింది. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. గుమ్మం ముందు కారు దుమ్ముకొట్టుకుని ఉంది.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. ఊరు ఉప్పాడ అవతల, సముద్రపొడ్డున. పెళ్ళయిన కొన్నాళ్ళకే అత్తయ్య పోయింది, పిల్లలు లేరు. మళ్ళీ పెళ్ళి మాటెత్తితే డ్యూటీకి టైమైందని ఫోన్ పెట్టేసేవాడు. ఖతర్‌లో ఒకే అరబ్బు ఇంట్లో డ్రైవరుగా వయసంతా గడిపాడు. నేను ఉద్యోగం మీద అక్కడికి వెళ్ళినప్పుడు ఎయిర్‌పోర్టుకి వచ్చింది ఆయనే. ముందు సీటులో కూర్చోబోతే ఆపేశాడు.

"ఎనకాల కూకో అమ్మాయ్. ఎనకోళ్ళు పక్కకి సూడాలంటే ముందోడు ముందుకే సూడాల. పక్కన మనిషుంటే నా ద్యాస మాటల్లో పడిపోతాది."

ఆ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో. తను మాత్రం ఎవరి కారులోనూ వెనక కూర్చోలేదు. అక్కడ సెలవైన శుక్రవారం చర్చిలో తలుపు పక్కనే చివరి కుర్చీలో కూర్చునేవాడు, పిడికిట్లో తాళాలతో. ప్రార్థనకి కళ్ళు మూసుకున్నా పిడికిలి విప్పేవాడు కాదు. పాస్టరుగారు కాస్త సాగదీస్తే తాళాలు చప్పుడయ్యేవి. మేమంతా నవ్వాపుకునేవాళ్ళం.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు తెలిసే ఉంటుంది, ఎండాకాలం వస్తే కొన్ని ఇళ్ళవాళ్ళు డ్రైవర్నీ పనమ్మాయినీ కూడా వెంటబెట్టుకుని యూరప్ వెళతారు. మావయ్యని అలా ఏటా ఫ్రాన్స్ దక్షిణాన నీస్ అనే ఊరికి తీసుకెళ్ళేవారు. అక్కడి నుంచి ఇటలీ దాకా సముద్రం వెంబడే కొండ అంచున రోడ్డు. ఒకపక్క రాయి, ఒకపక్క లోయ, కింద నీళ్ళు. ఆ రోడ్డు మీద అన్నేళ్ళు ఆ కుటుంబాన్ని తిప్పాడు. కానీ సముద్రాన్ని చూడలేదు. ఒక్క క్షణం పక్కకి చూస్తే వెనకున్న పిల్లల గతేమిటి? వాళ్ళు కిందికి దిగి ఫొటోలు తీసుకుంటున్నప్పుడు బండి దగ్గరే నిలబడేవాడు.

సెలవు రోజుల్లో మమ్మల్ని ఖతర్ ఉత్తరపు కొసన ఉన్న మదీనత్ అల్ షమాల్ దాకా తీసుకెళ్ళి, ఆ చదును నేల మీద, తిన్నటి రోడ్డు మీద బండి నడుపుతూ ఆ వంకర రోడ్డు కథలు చెప్పేవాడు. ఆయనకి మలుపులన్నీ వెనక సీటు మాటలతోనే గుర్తు. ఆ ఇంటి ముగ్గురు పిల్లల్లో చిన్నది వాంతి చేసుకున్న మలుపు. పిల్లాడు ఊపిరి బిగబట్టే సొరంగం. "అస్ఫర్, అస్ఫర్" అని ముగ్గురూ ఒకేసారి అరిచే చోటు. అస్ఫర్ అంటే పసుపుపచ్చ అట, అక్కడ కొండ మీద పసుపుపచ్చ ఇల్లుందట.

"నువ్వు చూశావా ఆ ఇల్లు?" అని ఏడిపించేదాన్ని.

"ఆళ్ళు సూసేరు గదా," అనేవాడు.

"సముద్రం మన ఊళ్ళో లేదా మావయ్యా?"

"మనూరి సముద్రం ఇళ్ళు మింగేత్తంది. దాన్ని సూడ్డానికి ఎవరెల్తారు? అక్కడ సూడ్డానికేనమ్మా రోడ్డేసింది. ఒక్కసారి స్టీరింగు లేకుండా ఎల్లాల."

తర్వాత ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, లైసెన్సులు తెచ్చుకున్నారు. యూరప్‌లో వాళ్ళే నడుపుకుంటామన్నారు. వేసవిలో అందరూ వెళ్ళిపోతే మావయ్య ఆ ఖాళీ ఇంటి ముందు, ఎవరూ ఎక్కని కారుని రోజూ కడిగేవాడు. కిందటి వేసవిలో మా ఆయనా నేనూ గట్టిగా అనుకుని, మా పాపతో పాటు ఆయన్నీ ఆ రోడ్డుకే తీసుకెళ్ళాం. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, పెళ్ళికొడుకులా విమానం ఎక్కాడు.

మా ఆయన నడిపాడు. మావయ్యని పక్క సీటులో కూర్చోబెట్టాం. సముద్రం ఆయన కిటికీ వైపే. చెయ్యి చాపితే అందేలా ఉంది. ఆయన మాత్రం రోడ్డునే చూస్తున్నాడు. ప్రతి మలుపులోనూ ఆయన కుడికాలు లేని బ్రేకుని తొక్కుతోంది.

"అల్లుడూ, నిదానం. లారీ వత్తంది."

"చూశాను మావయ్యగారూ. మీరు అటు చూడండి, అందుకేగా వచ్చాం."

అటు తిప్పిన తల రెప్పపాటులో ఇటు వచ్చేసేది. ఎంత ప్రయత్నించినా ఆయన వల్ల కాలేదు. నుదుటి మీద చెమట పట్టింది. అప్పుడు వెనక నుంచి మా పాప "తాతయ్యా, సముద్రం!" అని అరిచింది.

"నువ్వు సెప్పు తల్లీ. నేనింటాను."

అది మొదలుపెట్టింది. నీళ్ళు మన ఇంటి కర్టెన్ రంగులో ఉన్నాయి తాతయ్యా. తెల్ల పడవ. దాని మీద ఒకాయన బోర్లా పడుకున్నాడు. పక్కన కుక్క. మావయ్య భుజాలు మెల్లగా కిందికి దిగాయి. కాలు బ్రేకు మరిచిపోయింది. "ఇప్పుడు పసుపుపచ్చిల్లు రావాల," అన్నాడు. కాసేపటికి పాప అరిచింది, "వచ్చింది!" ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే నవ్వాడు.

కారు ఆపుకునే చోట మేము దిగితే ఆయన అలవాటుగా బండి దగ్గరే నిలబడి అద్దం తుడుస్తున్నాడు. "నేనుంటాను, మీరెళ్ళండి," అని మా ఆయన మావయ్య చేతిలోంచి గుడ్డ లాక్కున్నాడు. మావయ్య వెళ్ళి ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్ళ కోరిక. నేను కారు దగ్గర నుంచే చూస్తున్నాను. కాసేపటికే తిరిగొచ్చేశాడు.

"ఎలా ఉంది మావయ్యా?"

"బాగానే ఉందమ్మా. పెద్దదే."

అంతే. ఆ సాయంత్రం హోటల్ మెట్ల మీద కూర్చుని తనే మాటెత్తాడు. "అమ్మాయ్, అంత దూరం తీసుకొచ్చేరు, ఏమీ అనుకోకు. అక్కడ నిలబడితే సప్పుడు లేదు. ఎనకాల పిల్లల మాటలు లేకపోతే అది నా సముద్రం కాదనిపించింది."

అప్పుడు అర్థమైంది నాకు, ఆయన ఇన్నాళ్ళూ బెంగపెట్టుకున్నది నీళ్ళ మీద కాదని. ఆ పిల్లలు ఇప్పుడు గెడ్డాలు పెంచుకుని, సొంత కార్లలో, ఆయన్ని దాటుకుంటూ వెళ్ళిపోతున్నారు. వాళ్ళది తప్పని కూడా అనలేను. ఎదిగారు, అంతే.

శవాన్ని పంపే పనులన్నీ దగ్గరుండి చూసింది ఆ ఇంటి కుర్రాడే, సొరంగంలో ఊపిరి బిగబట్టేవాడు. మార్చురీ బయట నాతో ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు: "ఇందాక లోపల మొహం చూపిస్తే ఒక క్షణం గుర్తుపట్టలేకపోయాను. మాకు తెలిసింది ఆయన మెడ, అద్దంలో కళ్ళు." తర్వాత కాగితాలు నా చేతికిచ్చాడు.

మా ఆయనకి సెలవు దొరకలేదు. నేనూ పాపా మావయ్యతో హైదరాబాదులో దిగి, అంబులెన్సులో ఊరికి బయల్దేరాం. మధ్యలో పెట్టె, పక్కన బల్ల మీద మేమిద్దరం. దారంతా పాప కళ్ళు మూసుకునే ఉంది. కాకినాడ దాటాక బీచ్ రోడ్డు వచ్చింది. అలలు కోసేసిన చోటల్లా రాళ్ళు పోశారు, బండి కుదుపులకి పెట్టె కదులుతోంది. నేను దాన్ని చేత్తో పట్టుకున్నాను. మావయ్య వెనక ఎక్కడం నేను చూడటం అదే మొదటిసారి. ఇక రోడ్డు చూసుకోవాల్సిన పని లేదాయనకి.

కిటికీ అద్దానికి సగం దాకా తెల్లరంగు పూశారు. పాప లేచి, బల్ల మీద మోకాళ్ళతో నిలబడి, రంగు లేని చోట ముఖం ఆనించింది. అలా కాసేపు చూసింది. తర్వాత పెట్టె వైపు తిరక్కుండానే, ఎప్పటి గొంతుతోనే చెప్పడం మొదలుపెట్టింది.

"తాతయ్యా, సముద్రం వచ్చింది. నీళ్ళు మట్టిరంగులో ఉన్నాయి. పడవలున్నాయి, బోలెడు. ఒకాయన వల బాగుచేస్తున్నాడు. పసుపుపచ్చిల్లు ఇంకా రాలేదు."