తాళం సార్ పాత వెర్షన్

ఆఫీసులో ఆయన్ని తాళం సార్ అనేవారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఆ సంగతి ఆయనకూ తెలుసు. పైకి విసుక్కున్నా లోపల కాస్త మురిసిపోయేవాడు.

పేరు ఊరికే రాలేదు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు అన్నీ తామే మొదటినుంచీ రాసుకోరు. ఎవరో ఎక్కడో రాసిపెట్టిన ముక్కల్ని తెచ్చి తమ పనిలో కలుపుకుంటారు. ఆ మూటనే లైబ్రరీ అంటారు. దానికి ఆరునెలలకోసారి కొత్త వెర్షన్ వస్తూనే ఉంటుంది. కుర్రకారంతా కొత్తదాని వెంట పడుతుంటే, ఈయన మాత్రం ఒక వెర్షన్ దగ్గర తాళం బిగించి కూర్చునేవాడు. "పనిచేస్తున్నదాన్ని కెలకడం దేనికి?" అనేవాడు. ఇంట్లో ఫోనుదీ అదే గతి. అప్‌డేట్ చేసుకోమని అది రోజూ అడిగేది, ఈయన రోజూ 'తర్వాత' అని నొక్కేవాడు. "ఇరవై ఆరేళ్ళుగా నాకు చెప్తున్నదీ ఆ మాటే" అనేది భార్య.

వాళ్ళ కంపెనీ ఆసుపత్రులకు మందుల చీటీలు అచ్చువేసే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. మందు డబ్బా మీద రోగి పేరూ, ఎప్పుడు ఎంత వేసుకోవాలన్నదీ రాసి అంటిస్తారే, ఆ చిన్న చీటీ. అన్ని అక్షరాలనూ అంత జాగాలో ఇరికించే పని లైబ్రరీది. పదకొండేళ్ళుగా ఒకటే వెర్షన్, ఒకటే తాళం. ఈ ఏడు ఆసుపత్రులు కొత్త కంప్యూటర్లు కొన్నాయి, వాటిమీద పాత వెర్షన్ నడవనని మొండికేసింది. ఇక మారక తప్పలేదు. మార్చే పని టీమ్ లీడ్ మీద పడింది. చదువు పూర్తికాగానే వచ్చి ఈయన దగ్గరే పని నేర్చుకున్న మనిషి ఆమె.

మొదటి మీటింగులోనే ఆమె అడగాల్సిన ప్రశ్న అడిగింది. "సార్, పాత లైబ్రరీలో మనవాళ్ళు చేత్తో మార్చినవి ఏమైనా ఉన్నాయా? కొత్తదాంట్లో అవి ఉండవు కదా."

ఉన్నాయి. మొదటి ఏడాది ఆసుపత్రులవాళ్ళు నెత్తిమీద కూర్చుంటే, ఎవరో రాసిన లైబ్రరీని తెరిచి, అందులోనే ఈయన తనకు కావలసినట్టు దిద్దేశాడు. ఎక్కడా రాసిపెట్టలేదు. ఈ వృత్తిలో అందరూ చేసే వెధవపనే ఇది. రేపు రాద్దాంలే అనుకుంటారు, ఆ రేపు రాదు. పైగా, ఈమె చేరిన కొత్తలో సరిగ్గా ఇలాగే ఒక లైబ్రరీలో చెయ్యి పెడితే, నలుగురి ముందూ కడిగేశాడు. "ఎవరి సొత్తనుకుని దిద్దావు?" అన్నాడు. ఆ పిల్ల బాత్‌రూములోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది. ఇప్పుడు ఆమెకే ఏమని చెప్తాడు?

"ఏమీ లేవమ్మా" అన్నాడు.

నోరు జారిన మాట కాదది. తెలిసే అన్నాడు.

ఆ వారమంతా మధ్యాహ్నాలు, అందరూ తినడానికి వెళ్ళాక, టిఫిన్ డబ్బా కీబోర్డు పక్కన పెట్టుకుని వెతికాడు. అసలు ప్రతితో పోల్చి చూస్తే అరగంటలో తేలిపోయే పని. కానీ అంత పాత వెర్షన్‌ను తయారుచేసినవాళ్ళే తమ సైట్‌లోంచి ఎప్పుడో తీసేశారు. ఇక జ్ఞాపకమే దిక్కు. మూడు దిద్దుబాట్లు గుర్తొచ్చాయి. మూడింటినీ కొత్తదాంట్లో పనిచేసేలా గుట్టుచప్పుడు కాకుండా సర్దేశాడు. పరీక్షలన్నీ పాసయ్యాయి. ఇంకొకటి ఉందేమో అని మాత్రం మనసు పీకుతూనే ఉంది. ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించేవాడు. తట్టేది కాదు.

గురువారం పొద్దున టీమ్ లీడ్ ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. "రేపు మార్చేస్తున్నాం సార్. మీకు ఏ కాస్త అనుమానం ఉన్నా చెప్పండి, ఇంకో వారం ఆపుతాను."

ఇంతకంటే మంచి అదను ఎవరిస్తారు? ఒక్క మాట చాలు. అయ్యో, ఆ ఒక్క మాటా చెప్పలేదు.

"నాకు పాతదే నయమనిపిస్తుంది" అన్నాడు.

"అది మీరెప్పుడూ అనేదే కదా సార్" అని ఆమె నవ్వి వెళ్ళిపోయింది.

నాలుగో దిద్దుబాటు ఉంది. చీటీలో పట్టేది నాలుగు వరసలు. ఐదో వరస వస్తే లైబ్రరీ దాన్ని చప్పుడు చెయ్యకుండా వదిలేస్తుంది. అలా వదలకుండా రెండో చీటీ మీద అచ్చు వేసేలా అప్పట్లో ఈయన దిద్దాడు. కొత్త వెర్షన్‌కు ఆ దిద్దుబాటు లేదు. చీటీలు నాలుగు వరసలు దాటడం అరుదు, పరీక్షల్లో ఒక్కటీ దాటలేదు. వెర్షన్ మార్చిన పంతొమ్మిదో రోజున ఒక దర్జీ ఆవిడ చీటీ దాటింది. రక్తం పలచబడటానికి ఇచ్చిన మందు. ఐదో వరసలో ఉండాల్సిన మాట 'రోజు విడిచి రోజు'. అది లేకపోయేసరికి ఆవిడ రోజూ వేసుకుంది. కంట్లో రక్తం చిమ్మి కుడి కన్ను పోయింది.

ఆవిడ కొడుకు వచ్చి ఆ డబ్బా మేనేజరు బల్లమీద పెట్టాడు. గొడవ చెయ్యలేదు. "చదవండి" అన్నాడు, అంతే.

డబ్బా చేతులు మారి తాళం సార్ దగ్గరికి వచ్చింది. నాలుగు వరసలు చూడగానే ఐదోది గుర్తొచ్చింది. లేచి మేనేజరు గదిలోకి వెళ్ళాడు.

"తప్పు నాదండీ."

"ఊరుకోండి" అన్నాడు మేనేజరు. "మీరు పాతదే నయమని మొత్తుకుంటూనే ఉన్నారు, వినంది మేము. ఆ అమ్మాయిని వెనకేసుకురావడం మీ పెద్దమనసు. కానీ మార్చమని సంతకం పెట్టింది ఆ అమ్మాయే."

ఇంకో రెండు వాక్యాలు చెబితే సరిపోయేది. తలుపు దాకా నెమరువేసుకుంటూ వచ్చిన వాక్యాలే. అవి చెప్పకుండానే ఈయన బయటికి వచ్చేశాడు.

సాయంత్రానికల్లా పాత వెర్షన్ తిరిగి ఎక్కించారు. ఆసుపత్రులవాళ్ళు మూలపడేసిన పాత కంప్యూటర్లు దులిపి మళ్ళీ పెట్టుకున్నారు. టీమ్ లీడ్‌ను పొమ్మన్నారు. ఆమె కుర్చీ ఈయనకిచ్చారు. వెనకాల నవ్వినవాళ్ళే ఎదురొచ్చి, "మీరు ముందే చెప్పారు సార్" అన్నారు. ఈయన తల ఊపాడు. ఏం మనిషి!

ఆదివారం పొద్దున ఆమె ఫోను చేసింది.

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని కాదు సార్. ఆ ప్రోగ్రామంతా కళ్ళ ముందే తిరుగుతోంది. అన్నీ చూశాననే అనుకున్నాను. ఎక్కడ పొరపాటు పడ్డానో మీకు తెలిసే ఉంటుంది, చెప్పండి. ఇంకోచోట మళ్ళీ చెయ్యకుండా ఉంటాను."

ఎవరని భార్య సైగ చేస్తే ఈయన చెయ్యి ఊపి పంపేశాడు.

"కొంచెం తొందరపడ్డావమ్మా" అన్నాడు.

"అవును సార్" అందామె. "మీరు చెప్పారు. నేనే వినలేదు."