నలుపులో మూడు మెట్లు

స్టూడియో సారు పోయారని నాకు ఆఫీసు క్యాంటీన్‌లో తెలిసింది. కొత్తగూడలో ఆయన దుకాణం పక్కనే జిరాక్స్ సెంటర్ నడిపే అక్క ఫోన్ చేసింది. "మీ సారు పోయిండమ్మా. పొద్దున చాయ్ తాగుకుంట కూసున్నడంట, అట్లనే ఒరిగిండంట," అంది. నేను "సరేనండి" అన్నాను. ఎందుకు అలా అన్నానో తెలియదు. ఆమె ఫోన్ పెట్టేసింది. చేతిలో ఉన్న ఇడ్లీ ప్లేటు ఎక్కడో పెట్టి, వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. గోడకున్న టీవీలో ఎవరో రాష్ట్రం వస్తుందని, ఇంకెవరో రాదని అరుస్తున్నారు. వస్తుందనే ఆయన నమ్మకం. చూడకుండానే వెళ్లిపోయారు.

ఇది చదివేవాళ్లలో కొండాపూర్, కొత్తగూడ వైపు ఉన్నవాళ్లుంటే, మీ పాస్‌పోర్టు ఫొటో ఆయన తీసే ఉంటారు. "గడ్డం జర కిందికి. నవ్వకు, వీసా రాదు," అన్న గొంతు గుర్తుండే ఉంటుంది. నాకు ఆయన అంతకన్నా ఎక్కువ. మూడేళ్ల కిందట, ఎనిమిది నెలలు ఆయన దగ్గర పని చేశాను.

అప్పటికి డిగ్రీ అయి ఏడాది. ఇంటర్వ్యూలకు వెళ్తే గొంతు బయటికి వచ్చేది కాదు. పన్నెండేళ్లు కాన్వెంటులో చదివాను. అక్కడ నోరు మెదపకపోవడం మంచి గుణం, బయటికొస్తే అదే జబ్బు. కంప్యూటర్‌లో ఫొటోలు సరిచేసే మనిషి కావాలని దుకాణం తలుపుకు కాగితం అంటించి ఉంటే, మూడు రోజులు దాని ముందు నుంచి నడిచి, నాలుగో రోజు లోపలికి వెళ్లాను. ఆయన అడిగిన దేనికీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "మాట్లాడుడు రాదా? మంచిదే. ఫొటో పని చేసేటోళ్లకు నోరెందుకు బిడ్డా," అన్నారు. ఆ రోజు నుంచి నా పేరు ఆయన నోట రాలేదు. నన్ను "కాన్వెంటు" అనే పిలిచారు. మాది గుంటూరు వైపు కాబట్టి నా అండీల మీద ఆయనకు ఒక వేళాకోళం ఉండేది. "ఆ అండీలు జర తగ్గించు కాన్వెంటు. దుకాణం నిండిపోతున్నది, గిరాకీలు యాడ నిలబడాలె?"

చేతులు కడుక్కోకుండా ఆయన ఫొటో కాగితం ముట్టేవారు కాదు. కడుక్కున్నాక కూడా రెండు మూలలే పట్టుకునేవారు, వేడి గిన్నె పట్టుకున్నట్టు. ఏ ప్రింటునైనా మూడు వెలుగుల్లో చూసేవారు. ముందు దుకాణంలో ట్యూబ్‌లైటు కింద, తర్వాత గుమ్మంలో ఎండకు, చివరగా వెనక చీకటి గదిలో ఎర్ర జీరో బల్బు కింద. మొదటి రెండూ నాకు అర్థమయ్యాయి. మూడోది ఎందుకని చాలా రోజులకు గానీ అడగలేకపోయాను. "పోయినోళ్ల ఫొటో యాడుంటది? గోడకు, దండేసి, మీద జీరో బల్బు. ఇంట్లోళ్లు రోజూ చూసేది ఆ వెలుగులనే గదా," అన్నారు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ అది లేదు.

మా దగ్గరికి వచ్చే పనిలో సగం పెళ్లి సంబంధాల ఫొటోలు. అమ్మాయి తల్లి కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి, "కొంచెం కలర్ పెంచండి" అంటుంది. ఎంత పెంచాలో నా చేతికి తెలుసు. సారు అడ్డు చెప్పేవారు కాదు. "చెయ్యి, చెయ్యి. ఎట్లాగూ పెండ్లిచూపులల్ల దొరుకుతరు," అని నవ్వేవారు.

ఆ ఏడాది రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి. పెద్ద ప్రింట్లు మేము సిటీలోని ల్యాబుకు పంపేవాళ్లం, అదీ ఆగింది. తన దగ్గరే ఒక మంచి ప్రింటరు ఉండాలని సారు అప్పుడే నిర్ణయించుకున్నారు. ఇంకు చిమ్మి ఫొటోను కాగితం మీదికి దించే పెద్ద మిషను. కొంటే ఒకటే, కొనేది ఒకసారే. ఇద్దరు డీలర్లు చెరొక మిషనూ ఒక వారం వాడి చూడమని దించి వెళ్లారు. ఒక్కోదానికి నూలుతో చేసిన మంచి ఫొటో కాగితం పెద్ద షీట్లు రెండేసి ఇచ్చారు. సమ్మె తెగితే గానీ ఇంకో షీటు రాదన్నారు.

మొదటి డీలరు చిలక ఫొటో ఒకటి పరిచాడు. "పన్నెండు ఇంకులు సార్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడిగా ఉన్నాయి. ఆ రెక్క చూడండి."

"చిలుక మంచిగున్నది," అన్నారు సారు. "కానీ మా గల్లీల చిలుకలు ఫొటో దిగనీకి వస్తలేవు."

రెండో డీలరు నెమ్మదస్తుడు. "మాది ఎనిమిదే సార్. అందులో మూడు నలుపులే. నలుపు, లేత నలుపు, అంతకన్నా లేత నలుపు."

సారు చాయ్ గ్లాసు కింద పెట్టారు. "నలుపుల మూడు మెట్లా?" అన్నారు. మళ్లీ అదే అడిగారు.

రెండు మిషన్ల పుస్తకాలూ చదివే పని నాకు ఇచ్చారు. చదవడమొక్కటే నాకు ధైర్యంగా వచ్చిన పని. ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఇటు ఒకటి, అటు ఒకటి రాశాను. రంగుల లెక్క, వేగం, ఫొటో ఎన్నేళ్లు వెలిసిపోకుండా ఉంటుందో అన్నీ. పన్నెండు రంగులదే మేలని కింద గీత కొట్టాను. సారు రెండుసార్లు చదివారు. "మంచిగ రాసినవు. కానీ ఈ పుస్తకాలల్ల మనుషులు లేరు," అన్నారు.

ఇలాంటి మిషన్లతో ఒక చిక్కు ఉంది. రోజూ కొంచెమైనా ప్రింటు తీయకపోతే ఇంకు ఎండి, అది వచ్చే సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. రైళ్లూ బస్సులూ లేని బంద్ రోజుల్లో కూడా సారు లింగంపల్లిలోని ఇంటి నుంచి కొత్తగూడ దాకా నడిచి వచ్చేవారు, రెండు మిషన్లలోనూ చెరొక మామూలు కాగితం తీసేందుకు. మా ఇల్లు దగ్గరే కనుక నేనూ వెళ్లేదాన్ని. ఒకరోజు జెండాలతో కుర్రాళ్లు వచ్చి షట్టరు మీద కొట్టారు. "అన్నా, బంద్! నువ్వే గిట్ల జేస్తే ఎట్ల?"

"బందే తమ్మీ. నేను మీ దీక్ష శిబిరంకే వస్తున్న," అన్నారు సారు. "ఒక్క కాయితం తీసి మూస్త. లేకుంటే దీని ముక్కు మూసుకుంటది. దానికేం ఎరుక బంద్ అని?"

వాళ్లు లోపలికి వచ్చి, ఆ కాగితం మీద రంగు గీతలు దిగడం చివరిదాకా చూసి వెళ్లారు. సారు వాళ్ల వెనకే వెళ్లి సాయంత్రం దాకా దీక్షలో కూర్చున్నారు.

ఆ వారంలోనే పాలమూరు మేస్త్రీ ఒకాయన వచ్చారు. హైటెక్ సిటీలో కడుతున్న ఒక అద్దాల బిల్డింగులో ఆయనా, ఆయన భార్యా పని చేసేవాళ్లు. ఆయన గోడ కడితే ఆమె తట్ట మోసేది. జ్వరం వచ్చి ఆమె పోయి ఐదు రోజులు. పదో దినానికి ఫొటో పెట్టాలి. ఉన్న ఫొటో ఒకటే, పని దగ్గర ఇచ్చిన గేటు పాసు మీద బొటనవేలంత. దాని మీద గడ్డానికి అడ్డంగా గుండ్రటి ముద్ర.

"ఇది పెద్దగైతదా సారూ?" అని మేస్త్రీ అడిగారు. "పెండ్లినాడు తీయలే. పిల్లలు లేరు, వాళ్లను చూసి యాది జేసుకుందామంటే. ఇదొక్కటే ఉన్నది."

"చూద్దాం. ఫికర్ జెయ్యకు," అన్నారు సారు.

రెండు రోజులు నేను ఆ ముఖం ముందే కూర్చున్నాను. పెద్దది చేస్తే అంతా చుక్కలు. ముద్ర కింద ఉన్న గడ్డాన్ని కొంచెం కొంచెంగా బయటికి తీశాను. మూడో రోజు మధ్యాహ్నం సారు శిబిరానికి వెళ్లారు. ఆయన వచ్చేలోగా పూర్తి చేసి చూపించాలని నాకు ఉబలాటం. రెండు మిషన్లలోనూ ఒక్కో పెద్ద ప్రింటు తీసేశాను.

సాయంత్రం మేస్త్రీ, సారు ఒకేసారి లోపలికి వచ్చారు. మేస్త్రీ రెండు ఫొటోలనూ చాలాసేపు చూశారు. తర్వాత ఎంతో మర్యాదగా, "మంచిగున్నది సారూ. ఈమె ఎవరు?" అన్నారు.

నాకు అప్పుడు తెలిసింది. ఆమె రంగు పెంచాను. ఎవరూ అడగలేదు. అన్ని సంబంధాల ఫొటోలు చేసిన చెయ్యి, తనంతట తనే అటు వెళ్లింది.

సారు గేటు పాసును, ప్రింట్లను పక్కపక్కన పెట్టి చూశారు. "తప్పు మాదే," అని మేస్త్రీతో అన్నారు. "దినం ఎప్పుడు?"

"ఎల్లుండి సారూ."

"రేపు పొద్దుగాల రా. నీ ముంగటనే చేస్తం."

మేస్త్రీ వెళ్లాక, ఇక రావద్దంటారని నిలబడి ఉన్నాను. ఆయన గొంతు పెంచలేదు. "కాన్వెంటు, బతికున్నోళ్లను తెల్లగ జేస్తే పెండ్లిచూపులల్ల దొరుకుతరు. పోయినోళ్లను జేస్తే, ఇగ ఆ మనిషి ఇంట్లోళ్లకు యాడ దొరుకుతది?"

మిషనుకు ఒక్కటంటే ఒక్క షీటు మిగిలింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మేస్త్రీ వచ్చేసరికి సారు గుమ్మం దగ్గర వెలుతురులోకి కంప్యూటర్‌ను జరిపి ఉంచారు. "ఆమె రంగు ఎట్లుంటుండె?" అని అడిగారు. మేస్త్రీ చొక్కా చెయ్యి పైకి మడిచి, ముంజేయి చాచారు. "దీనికన్నా జర నలుపు. ఎండల పని గదా. కానీ చెవుల కింద, ఈడ, లేతగుంటుండె." ఆ చేతిని స్క్రీను పక్కన అలాగే పట్టుకోమని, సారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. చేతిని చూస్తూ, ముఖాన్ని చూస్తూ ఆయన చెప్తుంటే నేను మార్చాను. "ఇంకజర. ఆగు. చెంప మీద ఎండ ఉన్నది, అది తియ్యకు." గంట పట్టింది. మేస్త్రీ రెండో చేత్తో మోచేతిని ఆనించుకున్నారు గానీ చెయ్యి దించలేదు. ఒక మనిషి రంగులో అంత ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నుదుటి మీద ఒకటి, కంటి కింద ఒకటి, మెడ మడతలో మరొకటి. నేను ఇంతకాలం వాటన్నిటినీ ఒకే దెబ్బకు తుడిచేస్తూ వచ్చాను.

చివరి షీట్లు పెట్టాం. ముందు పన్నెండు రంగులది, తర్వాత ఎనిమిది రంగులది. గీత వెనక గీతగా ముందు పాపిట దిగింది, తర్వాత నుదురు, కళ్లు. ముగ్గురం మిషను మీదికి వంగి చూశాం.

ట్యూబ్‌లైటు కింద పన్నెండు రంగులదే గెలిచింది. ఆమె ఎర్ర చీర అప్పుడే ఉతికి ఆరేసినట్టు మెరిసింది. ఎండలోనూ అంతే. నా కాగితం మీది గీత గుర్తొచ్చి లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. సారు రెండిటినీ వెనక గదిలోకి తీసుకెళ్లి, తలుపు మూసి, జీరో బల్బు వేశారు.

ఆ చిన్న ఎర్ర వెలుగులో మొదటి ఫొటోలో చీర మిగిలింది. జుట్టు, చెంప, మెడ కలిసిపోయి ఒకే చీకటి అయ్యాయి. మేస్త్రీ దాన్ని చూసి, "చీర మా ఆమెదే," అన్నారు.

సారు రెండోది పట్టుకున్నారు. అందులో జుట్టు ఎక్కడ ఆగి నుదురు ఎక్కడ మొదలైందో తెలుస్తోంది. చెవి కింద ఆ లేత చోటు ఉంది. నలుపు లోపలి నుంచి ఇంకో నలుపు, దాని లోపలి నుంచి ఒక మనిషి నెమ్మదిగా మా వైపు వచ్చినట్టు అనిపించింది. 

మేస్త్రీ వెనక్కి తిరిగి, గదిలోంచి, దుకాణంలోంచి నడిచి గడప బయటికి వెళ్లారు. కోపం వచ్చిందేమోనని భయపడ్డాను. ఆయన చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో మళ్లీ లోపలికి వచ్చారు.

"ఇగ అయిపాయె," అన్నారు సారు, చాలా చిన్నగా. పన్నెండు రంగుల మిషను ఆ సాయంత్రమే వెనక్కి వెళ్లింది. నేను రాసిన కాగితం మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదు.

అద్దం కింద బిగించేముందు ఆ ప్రింటు ఒక పూటైనా ఆరాలి. సారు దాన్ని బల్ల మీద నిలబెట్టి, దుమ్ము లేవకుండా ఫ్యాను ఆపారు. "ఆరేదాంక ఈడ్నే కూసోవచ్చునా సారూ?" అని మేస్త్రీ అడిగారు. సారు కుర్చీ తెచ్చి ఫొటో ఎదురుగా వేశారు. నన్ను రమ్మని సైగ చేసి, బయటికొచ్చి షట్టరు సగం దాకా దించారు. రెండు స్టూళ్లు వేసుకుని ఎండలోనే కూర్చున్నాం.

కాసేపటికి మెడలో కంపెనీ కార్డు వేలాడుతున్న ఒకతను వచ్చాడు. "సార్, పాస్‌పోర్టు ఫొటో, అర్జెంటండి."

"జర ఆగు తమ్మీ. లోపల భార్యాభర్తలు మాట్లాడుకుంటున్నరు."

అతను షట్టరు కిందికి వంగి చూశాడు. "ఒక్కరే ఉన్నట్టున్నారు కదండీ?"

సారు తన స్టూలు మీద కొంచెం జరిగి, అతనికి సగం చోటిచ్చారు. గడప ముందు సిమెంటు ఎండి తెల్లబడిన చెప్పుల జత ఒకటి, పక్కపక్కన. లోపలి నుంచి గొంతు వినిపిస్తోంది, మాటలు వినిపించడం లేదు.